టాపు దించిన కారులో అవ్వ

మా బావ ఆత్మకూరు నుంచి ఫోన్ చేసి, "రే బామ్మర్దీ, నీ నిలువంత గరిటె ఒకటి చెక్కాల, చెక్కతావా?" అని అడిగినప్పుడు ఎక్కడో పెద్ద పెళ్లి కుదిరిందనీ, వంటవాళ్లకు సాంబారు కలపడానికి కావాలేమోననీ అనుకున్నాను.

"ఎంత మందికి బావా వంట?"

"వంటా లేదు, గింటా లేదు. కారుకు."

"కారుకు గరిటె ఎందుకు? పెట్రోలు అడుగంటిందా?"

"నోరు మూసుకోని పొద్దన్నే బస్సెక్కు. వచ్చినాక నవ్వుదువులే."

మాది ఉదయగిరి. దుర్గం కొండ కింద గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కి బతికే ఇళ్లలో మాదీ ఒకటి. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ మాటామాటా పెరిగి, ఇద్దరిలో ఎవరో ఒకరు బడి వదిలిపెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. ఆయనకు జీతం వస్తోంది కాబట్టి నేనే వదిలేశాను. అప్పటినుంచి బాడిసె పట్టుకున్నాను. నేను చెక్కిన ఫోర్కులతో ఎక్కడెక్కడి హోటళ్లలోనో దొరబాబులు తింటారట. మా ఇంట్లో మాత్రం అందరం చేత్తోనే తింటాం.

బావ అంటే మా అక్క మొగుడు. ఆత్మకూరులో మెకానిక్ షెడ్డు ఉంది. ఆయన్ని ఏడిపించే హక్కు నాకు వాళ్ల పెళ్లిపీటల మీదే వచ్చింది. నన్ను తిట్టే హక్కు ఆయనకూ అక్కడే వచ్చింది. ఇద్దరం ఇన్నేళ్లుగా ఆ హక్కుల్ని బూజు పట్టనివ్వకుండా వాడుకుంటున్నాం.

మర్నాడు బావ నన్ను బైకెక్కించుకుని ఊరి చివర ఒక పెద్ద రైతు ఇంటికి తీసుకుపోయాడు. ముందు మిద్దె, వెనక దొడ్డి, దొడ్డిలో రేకుల కొట్టం. కొట్టంలో ఎరువు బస్తాలు, తుప్పు పట్టిన మందుకొట్టే మిషన్లు, వాటి నడుమ టార్పాలిన్ కప్పిన ఆకారం ఒకటి. దాని పొడుగు చూసి కింద రెండు కార్లున్నాయనుకున్నాను. బావ టార్పాలిన్ లాగాడు. ఉన్నది ఒకటే.

నేను ఏ సందర్భానికైనా ఒక మాట విసిరే రకం. చావింట్లో కూడా విసిరి తిట్లు తిన్నవాడిని. ఆ పూట మాత్రం నోట్లోంచి మాట పెగల్లేదు.

అమెరికా కారు. పెట్రోలుకూ స్థలానికీ కరువెరగని మనుషులు, మంచి హుషారులో ఉన్నప్పుడు చేసిన బండి. రంగు ఒకప్పుడు లేతాకుపచ్చ. ఇప్పుడది పండుతున్న జామకాయ రంగుకు వచ్చింది. బానెట్ మీద మా ఇంటిల్లిపాదీ చాపలేసుకుని పడుకోవచ్చు. ముందువైపు నికెలు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. పక్కింట్లో గొడవ జరిగిన రోజు మా మేనత్త మొహంలో తప్ప అంత నవ్వు నేను ఎక్కడా చూడలేదు. వెనకాల రెండు వైపులా చేపతోకల్లాంటి రెక్కలు.

"ఇవి ఎందుకు బావా? ఎగరతాదా?"

"ఎగరదు."

"ఈదతాదా?"

"ఈదదు."

"మరెందుకు?"

"ఊరికే రా. అందానికి."

ఆ ఊరికే అన్న మాట నాకు భలే నచ్చింది. నేను చెక్కే గరిటెలో ఊరికే అనేదేదీ ఉండదు. ఎప్పుడైనా మనసు బాగుండి కాడ కొసన చిన్న ఆకు తీశానంటే, షాపాయన దాన్ని తిప్పి చూసి, "దీని మీద పొద్దు పోగొట్టుకుంటివా?" అంటాడు. అక్కడేమో ఒక కంపెనీకి కంపెనీ కూర్చుని, ఇంజనీర్లను పెట్టుకుని, ఇనుము పోసి, ఊరికే రెండు రెక్కలు చేసింది. వాళ్లను ఎవరూ అడగలేదు కాబోలు.

చేత్తో తడిమి చూశాను. చెక్కేవాడికి కళ్లు వేళ్ల చివర్లలో ఉంటాయి. ముందు లైటు దగ్గర మొదలైన గీత తలుపు మీదుగా వచ్చి, నడిమధ్య కొద్దిగా కిందికి వంగి, మళ్లీ లేచి తోకదాకా పోయింది. ఎక్కడా తెగలేదు. గరిటె కాడ గిన్నెలో కలిసే చోట మేమూ అలాంటి వంపే తీస్తాం. వేలితో రాస్తే కాడ ఎక్కడ అయిపోయిందో గిన్నె ఎక్కడ మొదలైందో తెలియకూడదు. జానెడు వంపు తీయడానికే నాకు ఆకురాయి అరిగిపోతుంది. ఇంత పొడుగున తీసినవాడెవడో గానీ వాడికి ఇంట్లో తొందరపెట్టేవాళ్లు లేరు.

అన్నిటికంటే వింత దాని టాపు. ఇనపరేకు కాదు, మందపాటి గుడ్డ. ఇనప పక్కటెముకల మీద గొడుగులాగా పరుచుకుని ఉంటుంది. వద్దనుకుంటే ముందు అద్దం దగ్గర రెండు కొక్కేలు తీసి వెనక్కి తోస్తే, మడతలు పడుతూ పోయి వెనక సీటు వెనకున్న గుంటలో పడుకుంటుంది. అప్పుడు కారంతా సీట్లు, అద్దం, ఆకాశం.

"మన ఎండలకు టాపు తీసేసే కారు కొన్నోడికి బుర్ర ఉండాదా బావా?"

"కొన్నాయన మనవడు నీ ఎనకాలే ఉండాడు. మెల్లిగా మాట్లాడు."

నిజంగానే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, భుజాన తువ్వాలు. ఆ ఇంటాయన. కోపం తెచ్చుకోలేదు. "బుర్ర సంగతి నాకు తెలవదుగానీ, మా తాతకు ఎనక సీట్లో కూచోని గొడుగు పట్టే మనిషి ఉండేవాడులే," అన్నాడు.

సంగతి ఆయనే చెప్పాడు. కారు చూసుకునే ఓపిక ఎవరికీ లేదు, కొట్టం కూలిపోయేలా ఉంది. పాత కార్లు పోగేసే బెంగుళూరు మనిషికి అమ్మేశాడు. ఎల్లుండి లారీ వస్తుంది. ఆలోగా ఇంజను తిరగాలి, టాపు దిగాలి. ఇంజను పని మా బావ చూశాడు. చిరిగిన టాపుకు కొత్త గుడ్డ కుట్టించాడు. మిగిలింది ఒక్క కొయ్య. టాపు ముందు అంచున, అద్దానికి ఆనుకుని విల్లులా వంగిన అడ్డకొయ్య ఒకటి ఉంటుంది. గుడ్డను దానికే మేకులతో బిగిస్తారు. కొక్కేలూ దానికే ఉంటాయి. ఇంత ఇనుములో అదొక్కటే చెక్క. చెదలు ఎంత తెలివైనవంటే, అంత పెద్ద కారులో దాన్ని వెతుక్కుని మరీ తిన్నాయి.

"లారీ ఎక్కించేదానికి టాపు దిగాల్నా?" అన్నాను.

"లారీ కోసం కాదబ్బా. మా అమ్మ కోసం."

ఆ మాట వినిపించినట్టే అవ్వ కొట్టంలోకి వచ్చింది. బానెట్ కంటే కొంచెం ఎత్తు, అంతే. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా కొయ్య చేసేది? యాడ?"

"ఉదయగిరవ్వా. గరిటెలోళ్లం."

"మీ ఊరి గరిటె మా ఇంట్లో ఒకటుండాది. నా కోడలు కాపురానికొచ్చినప్పటిది. ఇంకా ఇరగలా."

"అదే మేం చేసే తప్పవ్వా. ఇరిగితే గదా ఇంకోటి కొనేది."

అవ్వ గట్టిగా నవ్వి, కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ ఇంటి పద్ధతి గురించి అప్పుడు చెప్పింది. మగవాళ్లు బయటికి పోతే టాపు దించుకుని పోయేవాళ్లు. ఆడవాళ్లు ఎక్కితే మాత్రం టాపు వేసి, పక్క అద్దాలకు నల్ల గుడ్డలు కట్టేవాళ్లు. పెద్దింటి ఆడవాళ్లు నలుగురి కంటా పడకూడదు. ఊరంతా చూడాలని కొన్న కారు, లోపల ఉన్నవాళ్లను ఎవరూ చూడకూడదని ముసుగేసుకుని తిరిగింది.

"కాపురానికి దీంట్లోనే వచ్చినా. పుట్టినింటికి దీంట్లోనే పోయినా. కానుపులకూ ఇదే. మా పుట్టినూరు పొయ్యే ఏఎస్ పేట దారంతా నాకు గొంతులేరా అబ్బయా, మొహాలు తెలవవు. బండి ఆగితే ఎవురో మాట్లాడతారు, ఎవురో నవ్వతారు. గుడ్డ ఎనకాల కూచోని వినుకుంటా పోయేదాన్ని. మా ఆయన టాపు దించుకోని పోతుంటే మిద్దె మింద నుంచి చూసేదాన్ని. ఎర్ర సీట్లు, ఈ తెల్ల చక్రం, అన్నీ కనపడేవి. ఒక్కసారి అట్టా టాపు దించుకోని ఏఎస్ పేట దాకా పొయ్యి రావాల నేను. ఆనక దాన్ని బెంగుళూరుకన్నా తీసకపోండి, బర్మాకన్నా తీసకపోండి."

"ఇన్నాళ్లూ ఒక్క మాట అడిగుండచ్చు గదమ్మా," అన్నాడు ఇంటాయన.

"ఎవుర్నడగాల? ముందు మీ తాత ఉండె, తర్వాత మీ నాయన ఉండె. వాళ్లిద్దరూ పొయ్యేతలికి బండి పడకేసింది. నువ్వు దాన్ని లేపింది ఇప్పుడే గదా, అదన్నా అమ్మేదానికి."

ఇంటాయన తువ్వాలు సర్దుకున్నాడు. నేను ఇనపతీగ ఒకటి తీసుకుని, చెదలు మిగిల్చిన కొయ్య వంపు మీద పెట్టి వంచి, ఆ తీగను జెండాలా పట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను.

ఇక్కడ మా పని తీరు కొంచెం చెప్పాలి. గరిటెలు చెక్కేవాళ్లం పచ్చి కొయ్యనే చెక్కుతాం. కొండ మీది నర్దికొయ్య పచ్చిగా ఉన్నప్పుడు జున్నులా తెగుతుంది. చెక్కాక నీడలో ఆరబెడతాం. ఆరేటప్పుడు కాస్త ఒళ్లు విరుచుకుని అటో ఇటో తిరిగినా ఫర్వాలేదు, వంకర గరిటెతో వడ్డించినా కూర ఏమీ అనుకోదు. ఎండిన పెద్ద కొయ్య దాచుకునే అలవాటు మా వీధిలోనే లేదు. అందుకని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేసినట్టే చేశాను. మంచి నిగారింపున్న పచ్చి కొమ్మను తీగ వంపు ప్రకారం బాడిసెతో చెక్కి, ఆకురాయితో రాసి నున్నగా చేశాను. మా ఆవిడ దాన్ని చూసి, "ఇదేం గరిటె, గిన్నే లేదే?" అంది. ఇది అమెరికా గరిటె, గిన్నె వేరేగా కొనుక్కోవాలన్నాను.

మర్నాడు బస్సులో దాన్ని నిలబెడితే పైన తగులుతోంది, పడుకోబెడితే జనం కాళ్లకు తగులుతోంది. కండక్టరు వచ్చాడు.

"ఏందప్పా ఇది, నాగలా?"

"టాపన్నా."

"దేనికి టాపు?"

"నీ బస్సు కారతా ఉంటే చెప్పు, దీనికి కూడా చెక్కతా."

దాంతో నాకూ కొయ్యకూ ఆత్మకూరు దాకా నిలబడే యోగం పట్టింది.

సాయంత్రం బిగించాం. వంపు అద్దం మీద అట్లా కూర్చుంది. బావ గుడ్డను లాగి మేకులు కొట్టాడు, కొక్కేలు వేశాడు. తీశాం, వెనక్కి తోశాం, గుంటలోకి పోయింది. లాగాం, వచ్చింది. కొక్కేలు టక్కున పడ్డాయి. మా బావ నా వీపు మీద చరిచి, "నువ్వు గూడా మడిసివేరా," అన్నాడు. పెళ్లయినప్పటినుంచి ఆయన నోట నాకు దక్కిన మొదటి మెప్పు. మా అక్క చేపల పులుసు పెట్టింది. హాయిగా తిని పడుకున్నాం.

పొద్దున్నే బావ కారును ముంగిట్లోకి తెచ్చి టాపు వేసి నిలబెట్టాడు. కడిగాం, నికెలు తోమాం. తూర్పు ఎండ సూటిగా దాని నెత్తిన పడుతోంది. అవ్వ జరీ అంచు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. తలుపేశాం.

"కానీండిరా."

బావ ఎడమ కొక్కెం పట్టుకున్నాడు, నేను కుడి కొక్కెం పట్టుకున్నాను. రాలేదు. నవ్వుకుంటూ లాగాం. నవ్వడం మానేసి లాగాం. బావ సుత్తి తెచ్చాడు. కొక్కెం కదల్లేదు. నేను వంగి కొయ్య అంచు వెంట చూశాను. తడిగుడ్డను పిండినప్పటిలా కొయ్య మెలి తిరిగి ఉంది. ఒక కొస పైకి, ఒక కొస కిందికి లాగి, రెండు కొక్కేలనూ పళ్లబిగువున పట్టేసుకుంది.

"ఏమైందిరా?"

"ఎండింది బావా."

"ఎండితే ఏమైతది?"

"పచ్చి కొయ్య గదా. ఎండితే తిరగతాది."

"ఆ మాట నిన్న చెప్పచ్చు గదరా!"

"నిన్న ఎండలేదు గదా బావా."

ఆయన చేతిలో సుత్తి ఉన్న సంగతి గుర్తొచ్చి నేను రెండడుగులు వెనక్కి వేశాను.

తడిగుడ్డలు వేశాం. జ్వరం వచ్చినవాడి నుదుటి మీద వేసినట్టు వరసగా పరిచి, చెంబుతో నీళ్లు పోశాం. నీళ్లు అద్దం మీదుగా కారి మా కాళ్ల మీద పడ్డాయే గాని కొయ్య మనసు కరగలేదు. ఇంతలో ఇంటాయనకు ఫోన్ వచ్చింది. లారీ బద్వేలు దాటిందట, ఇంకో రెండు గంటల దారి. అంటే ఏఎస్ పేట పోయి రావడానికి ఉన్న టైమంతా మా చెంబులో నీళ్లలాగా కారిపోతోంది. లారీ వచ్చిందంటే ఎక్కించేస్తారు. ఎక్కించేశాక అవ్వకు ఆ దారి మళ్లీ లేదు.

లోపలినుంచి అవ్వ గొంతు వచ్చింది. "ఒరే, ఇక్కడ ఉడికిపోతుండాను. టాపన్నా దించండి, లేదంటే ఉప్పూకారం ఏసి నన్నన్నా దించండి."

నేను ఇంటాయన దగ్గరికి పోయాను. "అన్నా, దీన్ని నడిమికి కోసేస్తే మెలి ఇడిపోతాది. కొక్కేలు వాటంతట అవే ఊడతాయి. కానీ టాపు మళ్లా నిలబడదు."

ఆయన మొహం మాడిపోయింది. "టాపు బాగుండాదని వాళ్లకు మాటిచ్చినాను గదప్పా. వాళ్లొచ్చి చూసి మాకొద్దు పొమ్మంటే? ఈ కొట్టం వానకు నిలబడతదా? బండి ఇక్కడే పడి మట్టైపోతది."

అవ్వ అద్దం కొద్దిగా దించి తల బయటపెట్టింది.

"నాయనా, ఈ టాపు ఏసే నన్ను తెచ్చినారు. ఏసే తిప్పినారు. ఇంకా దాన్నే కాపాడుకుంటా ఉండాల్నా? కోయించు."

ఇంటాయన భుజం మీది తువ్వాలు తీసి, రంపం పొట్టు సీట్ల మీద పడకుండా కొయ్య కింద రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు.

నడిమి మేకులు పీకి గుడ్డ వెనక్కి మడిచాను. రంపం పెట్టాను. నా చేత్తో నేను చెక్కినదాన్ని నేనే కోయడం అదే మొదలు. ఇంకా లోపల తడి ఉంది, పొట్టు ముద్దలుగా రాలింది. సగం కోశాక రంపం వేగం తగ్గించాను. పొరపాటున అద్దం పగిలిందంటే తర్వాత పగిలేది నా వీపే. ఇంకాస్త కోశాను. ఠాప్ మని శబ్దం వచ్చింది. అందరం కళ్లు మూసుకున్నాం. తెరిచేసరికి రెండు కొక్కేలూ వేలాడుతున్నాయి. బావ అటు ముక్క, నేను ఇటు ముక్క పట్టుకుని వెనక్కి తోశాం. ఇనప పక్కటెముకలు కిర్రుమంటూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. గుడ్డ గుంటలోకి దిగింది.

వెనక సీట్లో అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది, నెత్తిన పూలు, పైన ఆకాశం. చెయ్యెత్తి టాపు ఉండాల్సిన చోట గాలిలో కాసేపు తడిమింది. తర్వాత బావ వైపు చూసి, "ఇంకా చూస్తావేందిరా, లారీ వస్తుండాది. పోనీ," అంది.

అమెరికా కారు కాబట్టి స్టీరింగు ఎడమవైపు. బావ రోడ్డు అంచున కూర్చుని నడుపుతాడు, ఎదురుగా ఏమొస్తోందో ఆయనకు కనిపించదు. కుడివైపు కూర్చుని నేను చెప్పాలి. "ఇప్పుడు పోవచ్చా?" "ట్రాక్టరొస్తుండాది." "ఇప్పుడు?" "గేదె." "ఇప్పుడు?" "అదే గేదె." అవ్వా, ఇంటాయనా వెనక. ఊరు దాటేదాకా అవ్వ మెడ తిప్పి తిప్పి చూస్తూనే ఉంది. గాలికి కొంగు జారిపోతుంటే, మిరపతోటలో కూలికి పోయే ఆడవాళ్లు కట్టినట్టు తలచుట్టూ బిగించి కట్టుకుంది. దాంతో ఆమెకు చేతులు రెండూ ఖాళీ అయ్యాయి. అక్కడినుంచి మాకు కష్టాలు మొదలయ్యాయి.

"ఆపు, ఆపు. ఆ తోటలో ఏం కోస్తున్నారు? అమ్మాయా, కాయ ఎట్టుండాది ఈసారి?"

తోటలో ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. పడవంత కారు, అందులో తలగుడ్డ కట్టుకున్న అవ్వ. "కాయ బాగుండాదవ్వా, రేటే బాగలేదు," అంది ఒకామె. ఇంకొకామె, "ఎవురి పెండ్లవ్వా?" అంది. "నాదే," అంది అవ్వ. తోటంతా నవ్వింది.

మళ్లీ కదిలాం, మళ్లీ ఆపమంది. స్కూటీ మీద పోతున్న పిల్లను, మేకలు తోలుకొస్తున్న ముసలాయన్ను, టీ బంకు దగ్గర పేపరు చదువుతున్నవాళ్లను, ఎవర్నీ వదల్లేదు. నాకు అప్పుడు తెలిసింది ఈ కారు తలుపులు ఎందుకంత కిందికి ఉన్నాయో. మోచెయ్యి ఆనించి, రోడ్డు మీది మనిషి మొహంలో మొహం పెట్టి మాట్లాడే ఎత్తు అది. అమెరికావాళ్లు దాన్ని గాలిలా దూసుకుపోవాలని చేసి ఉంటారు. ఆ గీతలు, ఆ రెక్కలు అన్నీ పరిగెత్తమనే చెబుతున్నాయి. అవ్వ దాన్ని అరుగుగా మార్చేసింది. మన ట్రాక్టరు ట్రక్కులో కూర్చుంటే ఉండే సుఖం ఇదే కదా, పోయేవాళ్లను పలకరించుకుంటూ పోవడం. అదే సుఖాన్ని వాళ్లు అన్ని తంటాలు పడి, అంత నికెలు పోసి సాధించారు.

"అమ్మా, లారీ," అన్నాడు ఇంటాయన.

"లారీకి కాళ్లున్నాయా ఎళ్లిపోయేదానికి? మనం బండి ఇచ్చేదాకా యాడికి పోతది?"

ఏఎస్ పేట దగ్గరపడింది. దర్గాకు వచ్చేవాళ్ల కోసం రోడ్డు పక్క చిన్న చిన్న అంగళ్లు. పూలు, అత్తరు, మిఠాయి. ఒక అంగడి ముందు మంచం వేసుకుని ముసలామె ఒకామె కూర్చుని, లోపల కోడలి మీద కేకలు వేస్తోంది. ఆ కేక వినగానే అవ్వ ముందు సీటు పట్టుకుని లేచి నిలబడింది.

"ఆపరా! ఆ గొంతు. ముంజలు అమ్మిన గొంతది."

బావ బ్రేకు వేశాడు. అవ్వ తలుపు మీదికి వంగి, "ఏమ్మే, నువ్వు ముంజలు అమ్మేదానివి కాదా, ఈ మలుపులో?" అంది.

మంచం మీది ముసలామె చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. "అమ్మేదాన్నే. నువ్వెవురు?"

"ఈ బండి ఆపి ఆకులో ముంజలు తీసుకునేదాన్ని. నల్లగుడ్డలో నుంచి."

ఆమె మంచం దిగింది. మెల్లిగా కారు దగ్గరికి వచ్చి, అవ్వ మొహం కాదు, తలుపు మీద ఉన్న చెయ్యి చూసింది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది.

"చెయ్యే. ఈ చెయ్యే. చూపుడువేలు కొస వంకర. ఎండాకాలమంతా ఈ చేతికి ముంజలు పెట్టినా గదమ్మా, మొహం ఎట్టుంటాదో తెలవదు." తర్వాత అవ్వను పైనుంచి కిందిదాకా చూసి, "ఇంత పొట్టిగా ఉండావేంది! బండి చూసి, చేతికుండే గాజులు చూసి పెద్ద ఆకారం అనుకుంటి," అంది.

"నేను మాత్రం? నీ గొంతు విని గున్నేనుగులా ఉంటావనుకున్నా. పుల్లలాగుండావు."

ఇద్దరూ చేతులు వదలకుండానే నవ్వడం మొదలుపెట్టారు. ఒకరు ఆగితే ఇంకొకరు. అంగడి ముందు జనం పోగయ్యారు. ఇంటాయన కారు దిగి, ఏదో ఫోన్ వచ్చినట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఫోన్ రాలేదు, నేను చూశాను. నాకు కూడా ఒక జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా బావ నా వైపు అనుమానంగా చూశాడు, ఒంట్లో బాగుందా అన్నట్టు.

ఆమె కోడలు మిఠాయి పొట్లం తెచ్చి ఇచ్చింది. "ముంజల కాలం కాదమ్మా," అంది ముసలామె. "అయినా పళ్లుండాయా నీకు?" "ముంజలకు పళ్లెందుకే," అంది అవ్వ. మేము కారు తిప్పుకుని బయలుదేరినా ఆమె రోడ్డు మధ్యలో నిలబడి చూస్తూనే ఉంది. అవ్వ వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, కనిపించినంతసేపూ చెయ్యి ఊపింది. టాపు వేసి ఉంటే, గుడ్డకు వెనకవైపు ఉండే ఆ చిన్న అద్దంలోంచి ఏం కనిపిస్తుంది?

తిరుగుదారిలో అవ్వ ఎవర్నీ ఆపలేదు. నడినెత్తి ఎండలో బావ నిదానంగా నడిపాడు. ఆత్మకూరు వచ్చేసరికి ఇంటిముందు లారీ నిలబడి ఉంది. బెంగుళూరు మనిషి చేతులు కట్టుకుని గేటు దగ్గర ఉన్నాడు. ఆయన కారు చుట్టూ తిరిగాడు. రెక్కలు తడిమాడు. వెనక గుంటలోకి వంగి, కోసిన కొయ్య ముక్కలు రెండూ చూసి, "ఇదేమి?" అన్నాడు.

"టాపు... అది..." అన్నాడు ఇంటాయన.

"నేను కోసినా సార్," అన్నాను. "పచ్చి కొయ్య. తిరిగింది."

ఆయన ముక్కను చేతిలో పట్టుకుని వంపు చూశాడు. "వంపు సరిగ్గానే ఉంది. ఎలాగూ మేము టాపు మొత్తం కొత్తది చేయిస్తాము సార్, ఇది ఉన్నా తీసి పారేసేదే," అన్నాడు. "ఇంజను తిరుగుతోంది కదా? నడుపుకుంటూ వచ్చినారు, చూసినాను. చాలు."

ఇంటాయన గేటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మా బావ ఊపిరి వదిలిన శబ్దం లారీ డ్రైవరుకు కూడా వినిపించి ఉంటుంది.

అవ్వను దించడానికి చెయ్యి అందించాను. నాకు లోపల ఇంకొక భయం ఉంది. ఇన్నేళ్ల కోరిక, ఒక్క పూటలో తీరింది, ఇప్పుడు బండి కళ్ల ముందే పోతుంది. ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏం చెయ్యాలి? నవ్వించడమే తప్ప ఓదార్చడం నాకు చేతకాదు. అవ్వ కిందికి దిగి, తలగుడ్డ విప్పి, నెత్తి తడుముకుంది.

"మాడు మాడిపోయిందిరా అబ్బయా. మా మామ మాకేదో అన్యాయం చేసినాడనుకున్నా. మగోళ్లంతా ఈ ఎండలోనా తిరిగింది?"

"గొడుగు మనిషి ఉండేవాడంట గదవ్వా."

"వాడికి ఎవుడు పట్టినాడో గొడుగు," అని మెట్లెక్కింది. గడప దగ్గర ఆగి, కారు వైపు కాకుండా లారీ వైపు చూసి, "ఆ డ్రైవరుకు అన్నం పెట్టండి. మీరు గూడా తినండి," అని లోపలికి పోయింది.

తిన్నాం. కారును పలకల మీదుగా లారీలోకి ఎక్కించారు. మా బావే నడిపాడు, నేను కింద నిలబడి, "కుడి, కుడి, గేదె లేదు, రా," అన్నాను. తాళ్లు బిగించారు. అంతా అయ్యాక ఇంటాయన, అమ్మను ఒకసారి పిలుద్దామని లోపలికి పోయాడు. నేనూ వెంట పోయాను. అవ్వ చల్లటి గచ్చు మీద చాప వేసుకుని, ఫ్యాను కింద, మిఠాయి పొట్లం తలగడ పక్కన పెట్టుకుని పడుకుని ఉంది. జడలో పూలు ఎండకు వాడిపోయాయి. సన్నగా గురక వినిపిస్తోంది.

"లేపమంటావా?" అన్నాడు ఇంటాయన, నా వైపు తిరిగి. ఆయన నన్ను సలహా అడగడం అదే మొదలు.

"ఎందుకన్నా, నిద్దర చెడతాది. ఆమె పని అయిపోయింది గదా."

ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, హారన్ కొట్టొద్దని లారీ డ్రైవరుకు చెప్పడానికి బయటికి నడిచాడు.